రేపటి సగం గడ్డం

తాతయ్య మాట్లాడకూడని మఠంలో రెండేళ్ల నాలుగు నెలలు ఉండి వచ్చాడంటే ఎవరూ నమ్మరు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. గడ్డం గీయించుకోవడానికి కూర్చున్నవాడికి ఇటు చెంప నురగ పూసేలోపు వీధి చివరింటి కబురు, అటు చెంప పూసేలోపు వీధి మొదటింటి కబురు చెప్పేసి, కత్తి తెరిచేసరికి "ఇంకేంటి విశేషాలు" అని అడిగేవాడు. అటువంటి మనిషిని ఆ మఠం ఎందుకు చేర్చుకుందో దేవుడికే తెలియాలి. తెలిసే ఉంటుంది, మఠం ఆయనదే కాబట్టి.

భక్తితో వెళ్లాడా అంటే అదీ లేదు. పందొమ్మిదేళ్లప్పుడు వాళ్ల నాన్న షాపులో నేల ఊడవమంటే నడుము నొప్పి, నీళ్లు కాచమంటే తలనొప్పి వచ్చేవి. కొండ మీద క్రైస్తవ సన్యాసుల మఠంలో మూడు పూటలా తిండి పెడతారని, పెళ్లి గొడవ ఉండదని, ఎవరూ ఎవరినీ తిట్టరని, అసలు మాట్లాడుకోనే మాట్లాడుకోరని ఎవరో చెప్పారు. మర్నాడే మూట కట్టుకుని కొండెక్కాడు. తిండి మాట నిజమే. పొద్దు పొడవక ముందే ప్రార్థనకు లేపుతారన్న సంగతి మాత్రం చెప్పినవాడు చెప్పలేదు. పైగా గడ్డాలు గీసే ఇంటి నుంచి వచ్చాడని తెలియగానే పాతికమంది సన్యాసుల తలలూ గడ్డాలూ ఇతని చేతికే అప్పగించారు. పని తప్పించుకుందామని కొండెక్కితే, ఆ పనే ముందు ఎక్కి కూర్చుని ఎదురుచూస్తోంది.

ఆ మఠంలో ఒక నియమం ఉండేది. గంట మోగితే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి ప్రార్థనకు లేవాలి. పార ఎత్తినవాడు పార దించేయాలి. రాసేవాడు అక్షరానికి గుడి కట్టకుండానే కలం పక్కన పెట్టాలి. పని మనది కాదు, మన చేతికి కాసేపు ఇచ్చారంతే అని గుర్తు చేయడానికి పెట్టిన నియమం అది. మిగతా నియమాలన్నీ తాతయ్యకు చెప్పులో రాళ్లలా గుచ్చుకున్నాయి కానీ ఇదొక్కటి మాత్రం మొదటి రోజే ఒంటబట్టింది. పని ఆపడమనే విద్యలో ఆయన పుట్టు పండితుడు.

ఒకరోజు బిషప్ గారు మఠం చూడటానికి వచ్చారు. సరిగ్గా ఆ పూటే తాతయ్య మఠాధిపతికి గడ్డం గీస్తున్నాడు. ఒక చెంప అయింది. గంట మోగింది. తాతయ్య కత్తి మడిచి, చేతులు తుడుచుకుని, తలొంచుకుని వెళ్లిపోయాడు. మఠాధిపతికైనా అదే నియమం కదా. ఆయన అద్దంలోకి కాసేపు చూసుకుని, తువ్వాలుతో నురగ తుడిచేసుకుని, ఒక చెంప కోడిగుడ్డులా, ఒక చెంప ముళ్లపొదలా వెళ్లి బిషప్ గారి పక్కన నిలబడ్డాడు. ఆ పూట కీర్తన పాడుతున్నంతసేపూ పాతికమంది భుజాలు ఎగిరెగిరి పడుతూనే ఉన్నాయి. తాతయ్యకు మాత్రం అందులో నవ్వాల్సిందేముందో అర్థం కాలేదు.

మఠాధిపతి తిట్టలేదు. వారం తర్వాత గదికి పిలిచాడు.

"మా నియమం మా అందరికంటే నీకే బాగా పట్టుబడింది నాయనా. కానీ నిన్న కూరగాయల బండివాడితో నువ్వు కబుర్లాడుతుంటే కిటికీలోంచి చూశాను. నీ మొహం అంత వెలిగిపోవడం ప్రార్థన గదిలో ఒక్కరోజు కూడా చూడలేదు. దేవుడు కొందరిని మౌనంలో ఉంచుతాడు, కొందరిని జనంలో ఉంచుతాడు. కిందికి వెళ్లు" అన్నాడు.

వెళ్తుంటే గుర్తుగా ఒక చేతిగంట ఇచ్చారు. అంచు దగ్గర పగిలిన గంట. ఊపితే జలుబు చేసిన మేక అరిచినట్టుంటుంది.

తోట చూసుకునే ముసలి బ్రదర్ ఒకాయన గేటుదాకా వచ్చి సాగనంపాడు. ఆయనకొక వింత అలవాటు. రోజూ సాయంత్రం గంట మోగడానికి ముందే, మడి చివర మూరెడు నేల తవ్వకుండా వదిలేసేవాడు. గంట మోగాక వదిలితే నియమం, ముందే వదిలితే బద్ధకం కదా అని తాతయ్యకు ఎప్పట్నుంచో అనుమానం. ఎలాగూ వెళ్లిపోతున్నాం కదా అని అడిగేశాడు.

"చిన్నప్పుడు మా ఊళ్లో యుద్ధం చూశాన్రా అబ్బాయ్" అన్నాడు ముసలాయన. "తెల్లారుతుందో లేదో అని వణుక్కుంటూ పడుకునేవాణ్ణి. ఇక్కడికొచ్చాక కూడా ఆ వణుకు పోలేదు. అందుకని ఈ మూరెడు నేల మిగుల్చుకోవడం మొదలుపెట్టా. పొద్దున నన్ను పిలవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. పిలిచేవాళ్లుంటే లేవబుద్ధేస్తుంది."

తాతయ్యకు అప్పుడది తలకెక్కలేదు. ఈ ఉపాయమేదో ముందే తెలిసుంటే తన మడిలో రెండు బారలు వదిలేసేవాణ్ణే అని మాత్రం కొండ దిగుతూ చాలా బాధపడ్డాడు.

కొండ దిగి నాన్న షాపులోనే నిలబడ్డాడు. తర్వాత పెళ్లయింది. షాపు వెనక గదిలో అమ్మమ్మ చిరిగిన చొక్కాల కాలర్లు విప్పి, తిరగేసి, మళ్లీ కుట్టేది. ముందు గదిలో రెండు కుర్చీలు, అందులో ఒకదాని కాలి కింద ఇటుక. మచ్చలు పడ్డ అద్దం, కత్తి నూరుకునే తోలుపట్టీ, పటిక ముక్క. అద్దం పక్కన మేకుకు మఠం గంట. మధ్యాహ్నం పన్నెండుకు తాతయ్య ఆ గంట కొట్టేవాడు. ఎవరి గడ్డం ఎక్కడున్నా అక్కడికి ఆపి భోజనానికి లేచేవాడు. ఈ సంగతి తెలిసి పదకొండున్నర దాటితే వీధిలో ఎవరూ షాపు గడప తొక్కేవారు కాదు. ఆ అలవాటు ఒంట్లోకి ఎంతగా ఇంకిపోయిందంటే, సైకిలు బెల్లు మోగినా సరే, తాతయ్య చేయి ఒక్క క్షణం ఆగి, బెల్లు తనది కాదని తెలిశాకే కదిలేది.

మఠంలో ఉన్నందుకు వీధివాళ్లు ఆయన్ని సన్నాసి అనేవారు. అమ్మమ్మా అదే మాట అనేది, కానీ ఆమె చెప్పే కారణం వేరు. "వాళ్లు ఇంకో రెండేళ్లు ఓర్చుకుని ఉంటే నా బతుకు బాగుపడేది" అనేది సూదికి దారం ఎక్కిస్తూ.

ఇలా ముప్పై ఏళ్లు గడిచాక కాలం చెడింది. ఎగువన ఎక్కడో రెండు పక్షాలు కొట్టుకుంటున్నాయి. ఎవరు గెలుస్తున్నారో తెలియదు, ఇటు వస్తారో రారో తెలియదు. పేపరు ఆగిపోయింది. రేడియోలో వేసిన పాటలే వేస్తున్నారు. నిజం రావడం మానేశాక దారంతా పుకార్లకే ఖాళీ అయింది. అవన్నీ నడిచి నడిచి అలసి, కాళ్లు చాపుకోవడానికి తాతయ్య షాపుకే వచ్చేవి. పొద్దున ఎవరో నాలుగు లారీలు కనిపించాయంటే, మధ్యాహ్నం గంట కొట్టేలోపు అవి ఆ కుర్చీలో నలభై అయ్యేవి. సాయంత్రానికి వాటి వెనక ఫిరంగులు కూడా తగిలేవి. తాతయ్య అబద్ధం చెప్పేవాడు కాదు. విన్నదాన్ని కాస్త దువ్వి, నూనె రాసి, పాపిడి తీసి పంపేవాడు, అంతే.

వీధిలో పద్నాలుగు ఇళ్లలో అయిదింటికి తాళాలు పడ్డాయి. పక్క వీధి బార్బరు కూడా కుర్చీలు బండికెత్తించుకుని వెళ్లిపోయాడు. వారానికి ఒక్క బస్సు, శనివారం పొద్దున.

తాతయ్య ఇంట్లోవాళ్లు మాత్రం వెళ్లడానికి లేదు. కూతురు నిండు నెలలతో ఉంది. అల్లుడు వంతెనలు బాగుచేసే పనిలో ఎక్కడో దూరాన ఉండగా దారి మూసుకుపోయింది, ఉత్తరం కూడా లేదు. ఆ వీధిలోనే ఉండే నర్సమ్మ వచ్చి కూతుర్ని పరీక్ష చేసి తేల్చి చెప్పింది.

"బాబాయ్, ఆ గతుకుల దారిలో తీసుకెళ్లారంటే కాన్పు బస్సులోనే. ఆ కండక్టరు సంగతి నీకు తెలుసుగా, పుట్టిన బిడ్డకి కూడా టికెట్ కొడతాడు."

"మేం ఎక్కడికీ వెళ్లంలే. నువ్వుంటావుగా అమ్మా?"

నర్సమ్మ సంచీ సర్దుకోవడం మొదలుపెట్టింది. ఆమె మొగుడే వీధికి నీళ్లు ఎక్కించే పంపు నడుపుతాడు. ఆ పాత ఇంజను అతను తిడితే తప్ప తిరగదు, అది కూడా అతను మాత్రమే తిట్టాలి. అతను నెల నుంచి వెళ్లిపోదాం, వెళ్లిపోదాం అంటున్నాడు. వీధికి రొట్టెలు కాల్చే ముసలాయన కూడా మూట సర్దుతున్నాడు. పంపాయన వెళ్తే నీళ్లు పోతాయి, అతనితో నర్సమ్మ పోతుంది. రొట్టెలాయన వెళ్తే తిండి పోతుంది. నీళ్లూ తిండీ నర్సూ లేని వీధిలో కూతురి కాన్పు ఎలా అన్నదే తాతయ్యకు పట్టుకున్న దిగులు.

శుక్రవారం పొద్దున పంపాయన వచ్చి ఇటుక లేని కుర్చీలో కూర్చున్నాడు. వంతు కోసం రొట్టెలాయన బల్ల మీద కూర్చున్నాడు.

"నున్నగా గియ్యి అన్నా. రేపు అత్తారింటికెళ్తున్నాం. ఈ గడ్డంతో వెళ్తే అల్లుడు అడుక్కోవడానికొచ్చాడనుకుంటారు."

"అడుక్కోవడానికే కదా వెళ్తున్నావు" అన్నాడు రొట్టెలాయన.

"నువ్వు బావమరిది ఇంటికెళ్తున్నావుగా. నీదేమైనా దండయాత్రా?"

"మా బావమరిది కొంప మీద ఎప్పుడెళ్లినా దండయాత్రే."

తాతయ్య కుడి చెంప గీసి, గొంతు దగ్గరికి వచ్చాడు. "ఒక్క వారం ఆగరాదూ" అన్నాడు నెమ్మదిగా.

"ఎలా ఆగను? రేపటిదే ఆఖరి బస్సు కదా."

"ఎవరన్నారు?"

"ఎవరనడమేంటి, నిన్న నువ్వే చెప్పావు" అన్నాడు పంపాయన అద్దంలోంచి చూస్తూ.

తాతయ్యకు గుర్తొచ్చింది. నిన్న పాలవాడు, వచ్చేవారం బస్సు కాస్త ఆలస్యం కావచ్చు అన్నాడు. తాతయ్య దాన్ని దువ్వి పాపిడి తీశాడు. సాయంత్రానికి అది ఆఖరి బస్సై వీధంతా తిరిగింది. నీళ్లనూ తిండినీ నర్సమ్మనూ బస్సెక్కిస్తున్నది ఏ సైన్యమూ కాదు, తన నోరే.

కత్తి పట్టుకున్న చేయి వణికింది. ముప్పై ఏళ్లలో ఎన్నడూ వణకని చేయి. కత్తి కిందేమో ఒక మనిషి గొంతు. తాతయ్యకు ఇంకేమీ తోచలేదు. కత్తి మడిచి, చేయి చాచి మేకు మీది గంట కొట్టాడు.

"పన్నెండు కాలేదుగా?" అన్నాడు పంపాయన.

"మిగతాది రేపు."

"రేపేంటి, రేపు పొద్దున బస్సయితే?"

తాతయ్య నోరు విప్పలేదు. ఎంత బతిమాలినా, తిట్టినా విప్పలేదు. పంపాయన సగం గడ్డంతో కండువా చుట్టుకుని విసవిసా వెళ్లిపోయాడు. "వాడి సంగతి సరే, నాకైతే పూర్తిగా చేస్తావుగా" అంటూ రొట్టెలాయన కూర్చున్నాడు. ఆయనకు ఎడమ చెంప అయ్యింది. మళ్లీ చేయి వణికింది, మళ్లీ ఆ మేక గొంతు గంట అరిచింది.

వెనక గదిలోంచి అమ్మమ్మ తల బయటపెట్టింది. ఇరవైతొమ్మిదేళ్ల కాపురంలో మొగుడు నోరు మూసుకుని కూర్చోవడం అదే మొదటిసారి చూడటం. "జ్వరమా?" అని నుదురు పట్టుకు చూసింది. తాతయ్య జరిగింది చెప్పాడు. ఆమె విని, కాలరు మడత వేలితో నొక్కింది.

"వాళ్లని మాటతో వెళ్లగొట్టావు. ఇప్పుడు సగం గడ్డంతో కట్టేస్తావా?"

"కట్టేయాలని కాదే. చేయి వణికింది."

"అయితే ఆ మాటే వాళ్లతో చెప్పు. నాతో చెబితే నా చొక్కాలు వింటాయా?"

ఆ సాయంత్రం పంపాయన కూరగాయల కత్తితో మిగతా సగం తనే గీసుకోబోయి, చెంప మీద రెండు గాట్లు పెట్టుకుని మానుకున్నాడని వీధంతా తెలిసింది. ఆ కబురు తాతయ్య మాత్రం మోయలేదు. తోట బ్రదర్ మూరెడు నేల గుర్తొచ్చింది ఆయనకు. ఆ ముసలాయన మిగుల్చుకున్నది తన నేల. నేను మిగుల్చుకున్నది ఎవరి మొహం అనుకున్నాడు. అది మిగల్చడం కాదు, దాచుకోవడం.

శనివారం పొద్దున బస్సు వీధి చివర ఆగి ఉంది. తాతయ్య ఒక చేతిలో వేడినీళ్ల కెటిలు, ఒక చేతిలో గిన్నె, చంకలో తువ్వాలు, జేబులో కత్తితో బయల్దేరాడు. వెళ్లేసరికి అక్కడ గొడవ జరుగుతోంది. పంపాయన కళ్లు తప్ప మొహమంతా కండువా చుట్టుకుని నిలబడ్డాడు. కండక్టరు మెట్టు మీద అడ్డంగా నిలుచున్నాడు.

"మొహానికి గుడ్డ కట్టుకున్నవాణ్ణి ఎక్కించుకోను. దారిలో చెక్‌పోస్టులున్నాయి. నిన్ను చూసి నన్ను లోపలేస్తారు."

"జలుబయ్యా."

"జలుబైతే ముక్కుకి కట్టుకో. నుదుటికి కూడా వచ్చిందా?"

పంపాయన కండువా విప్పాడు. కిటికీల్లోంచి చూస్తున్న జనం ముందు నోళ్లు మూసుకున్నారు, తర్వాత మూసుకోలేకపోయారు. రెండో సీటులో రొట్టెలాయన మొహం కిటికీ నుంచి పక్కకు తిప్పుకున్నాడు. అప్పుడు గడ్డమున్న చెంప అటువైపువాళ్లకు, గడ్డం లేని చెంప ఇటువైపువాళ్లకు కనబడి నవ్వు రెట్టింపైంది.

తాతయ్య పంపాయన ట్రంకుపెట్టె చూపించి "కూర్చో" అన్నాడు. "మిగతా సగం గీసే పంపిస్తా."

పంపాయన అనుమానంగా కూర్చున్నాడు. నురగ పూస్తూ తాతయ్య బస్సులోవాళ్లకు కూడా వినిపించేలా చెప్పాడు.

"నిన్న గంట కొట్టింది నియమం కోసం కాదు తమ్ముడూ. నా చేయి వణికి కొట్టాను. ఆఖరి బస్సన్నది నా నోటి నుంచే పుట్టింది. పాలవాడు ఆలస్యమవుతుందన్నాడంతే. మిగతాదంతా నా వంట. వచ్చేవారం బస్సు వస్తుందో రాదో నాకు తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే, నాకు భయంగా ఉంది. మీరు వెళ్తే నా కూతురికి నీళ్లుండవు, నర్సుండదు. అయినా వెళ్లాలనిపిస్తే వెళ్లండి. నున్నటి మొహంతో వెళ్లండి."

నర్సమ్మ పక్కన నిలబడి వింటోంది. పంపాయన నోరు మెదపడానికి లేదు. మాట్లాడితే చెంప తెగుతుంది. తాతయ్య చేయి మాత్రం ఇప్పుడు వణకడం లేదు. మనసులో ఉన్నది బయటపడ్డాక చేతికి బరువు తగ్గినట్టుంది. చెంప మీది నుంచి దవడ మీదికి, దవడ మీది నుంచి గడ్డం మీదికి కత్తి సాఫీగా దిగింది. ఇంకో నాలుగు గీతలు గీస్తే అయిపోయేదే.

అప్పుడు కండక్టరుకు విసుగొచ్చి, తాడు లాగి బెల్లు కొట్టాడు.

తాతయ్య చేయి ఆగింది. కత్తి మడిచాడు. చేతులు తుడుచుకున్నాడు. తలొంచుకుని రెండడుగులు కూడా వేశాడు. అప్పుడు తెలివి వచ్చి వెనక్కి తిరిగి చూసేసరికి, గడ్డం కింద మేక గడ్డంలా నురగ వేలాడేసుకుని పంపాయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఏంటన్నా?"

"గంట కొట్టాడు" అన్నాడు తాతయ్య, అపరాధిలా.

ముందు నర్సమ్మ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ నిలబడలేక ట్రంకుపెట్టె మీద మొగుడి పక్కనే కూలబడింది. పంపాయన నవ్వకూడదని చూశాడు కానీ నురగ ముక్కులోకి పోయి తుమ్మాడు, ఆ తుమ్ములోంచి నవ్వు బయటికొచ్చింది. బస్సు బస్సంతా నవ్వింది. నెలరోజులుగా ఆ వీధిలో ఎవరూ అలా నవ్వలేదు. అసలు నవ్వడం వచ్చన్న సంగతే మర్చిపోయినట్టున్నారు.

బస్సు పది గజాలు కదిలి ఆగింది. "ఎక్కుతారా, ఎక్కరా?" అని అరిచాడు కండక్టరు.

నర్సమ్మ మొగుడి వంక చూసింది. అతను ఆమె వంక చూశాడు.

"ఆ అమ్మాయికి నొప్పులొచ్చే వేళకి నేను ఎక్కడో కూర్చుని ఏం చేస్తుంటానా అని రాత్రంతా అదే గోల నా బుర్రలో" అంది ఆమె. "నాకు వెళ్లాలని లేదండీ."

పంపాయన నురగ తుడుచుకున్నాడు. "ఇంజనుకి నేను లేకపోతే దిగులు" అన్నాడు. తర్వాత కండక్టరుకు చేయి ఊపాడు. "పోనీయవయ్యా. నా గడ్డం పూర్తయ్యాక వస్తాం."

బస్సులోంచి ఒక మూట కిందపడింది, దాని వెనకే రొట్టెలాయన దిగాడు. "ఈ మొహంతో వెళ్తే మా బావమరిది వాడు చచ్చేదాకా, నేను చచ్చాక కూడా ఇదే చెప్పుకుంటాడు. పొయ్యి రాజేసుకోవాలి, పదండి" అన్నాడు.

వాళ్లు వెళ్లి తలుపులు తీశారన్న ధైర్యంతో ఇంకెవరూ తాళాలు వేయలేదు. భయం పోలేదు, అది అక్కడే ఉంది. కానీ తాతయ్య షాపులో రెండు కొత్త పద్ధతులు వచ్చాయి. కుర్చీలో కూర్చున్నవాడు తన కళ్లతో చూసింది మాత్రమే చెప్పాలి. ఎవరో అన్నారని మొదలుపెడితే తాతయ్య మేక గంట మోగించేవాడు. మొదటి వారం అది ఎక్కువగా ఆయన మాటలకే మోగింది. ఆయన నోరు తెరిచీ తెరవకముందే వంతు కోసం కూర్చున్నవాళ్లు లేచి కొట్టేవారు. మనుషులు కళ్లతో చూసింది చెప్పడం మొదలుపెట్టాక తెలిసిందేంటంటే, చూసింది చాలా తక్కువ, అందులో లారీలు అసలే లేవు. మూడో ఇంటి ముసలమ్మకు మోకాలు వాచింది. పిల్లల బడికి నల్లబల్ల విరిగింది. ఇవి చెప్పుకున్నాక ఎవరో ఒకరు వెళ్లి బాగుచేసి వచ్చేవారు. లారీల సంగతి చెప్పుకున్నన్నాళ్లూ చేయడానికి ఏమీ ఉండేది కాదు.

రెండోది, ప్రతి గడ్డంలోనూ చెవి కింద వేలెడంత మిగిల్చేవాడు. అడిగి మిగిల్చేవాడు. "ఇది రేపటికి ఉంచనా?" అంటే, ఆ రోజుల్లో వద్దన్నవాడు లేడు. తోట బ్రదర్ కథ అందరికీ తెలిసిపోయింది మరి, తాతయ్య మాత్రం ఎన్ని రోజులు దాచగలడు. రొట్టెలాయన పిడికెడు పిండి మర్నాటికి తీసిపెట్టి, దాని మీద గుడ్డ కప్పి "ఇది నా చెవి కింది గడ్డం" అనేవాడు. అమ్మమ్మ ఈ వేషాలన్నీ చూసి మూతి తిప్పేది. కానీ ఆమె మిషను మీద కూడా ఒక కాలరు సగం కుట్టి ఉండటం కూతురు రోజూ చూస్తూనే ఉంది.

ఆఖరి బస్సు మరుసటి శనివారం వచ్చింది. ఆ తర్వాత శనివారమూ వచ్చింది.

ఒక మధ్యాహ్నం మాత్రం దూరంగా ఏదో పేలింది. అది పుకారు కాదు, అందరూ చెవులారా విన్నారు. అద్దం గలగల్లాడింది. షాపులో ఉన్న నలుగురూ తాతయ్య వంక చూశారు. కుర్చీలో పంపాయన ఉన్నాడు, చెంప మీద నురగ ఉంది.

"నాకు భయంగా ఉంది" అన్నాడు తాతయ్య.

"నాకూ" అన్నాడు పంపాయన.

"సరే. ముందు ఈ చెంప కానిద్దాం." కత్తి నూరుకుని ఆ చెంప గీశాడు. ఎప్పటిలాగే చెవి కింద వేలెడంత మిగిల్చాడు. ఇంకో పేలుడు వినబడలేదు. పంపాయన లేచి వెళ్లి ఇంజను తిట్టి తిప్పాడు. సాయంత్రానికి తొట్టి నిండింది.

ఆ నీళ్లే మర్నాడు పొద్దున పనికొచ్చాయి. కూతురికి నొప్పులు మొదలయ్యాయి. నర్సమ్మ వచ్చి తాతయ్యను వెనక గదిలోంచి ముందు గదిలోకి తరిమి, మేకు మీది గంట తీసుకుపోయింది. "పుట్టగానే ఇది కొడతా. అంతదాకా నోరు మూసుకుని నీ పని చేసుకో బాబాయ్" అంది.

తాతయ్య రొట్టెలాయన్ని కూర్చోబెట్టుకున్నాడు. ఆయనకు గడ్డం లేదు, ముందు రోజే గీశాడు. అయినా చేయి ఊరుకోదని మళ్లీ నురగ పూసి గీశాడు. మళ్లీ పూశాడు. "ఇంక తోలే మిగిలింది బావా" అన్నాడు రొట్టెలాయన మూడోసారికి. నాలుగోసారి నురగ పూస్తుండగా మేక అరిచింది. కత్తి గిన్నెలో పడింది. వెనకే అంతకంటే గట్టిగా ఇంకో అరుపు వినబడింది.

ఆడపిల్ల. తాతయ్య పరుగెత్తి వెళ్లి తొంగి చూశాడు, ఆయన భుజం మీంచి రొట్టెలాయన నురగ మొహంతో తొంగి చూశాడు. ఆ మొహాన్ని చూసి పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. మౌనమనేది ఆ పిల్లకు ఆ రోజు అంటలేదు. ఇప్పటికీ అంటలేదని, ఎక్కడ విన్నదానికైనా తలా తోకా పెట్టి చెప్పడం మాత్రం బాగా అంటిందని ఇంట్లోవాళ్లు అంటుంటారు. తాతయ్య పోలిక అనేస్తే పోయేదానికి, ఎందుకంత ఆశ్చర్యపోతారో తెలియదు.

నెలన్నరకు దారులు తెరుచుకున్నాయి. పాలవాడు చెప్పాడు, తాతయ్య కళ్లతో చూసేదాకా ఎవరికీ చెప్పలేదు. కళ్లతో చూడటానికి ఆయన ఎదుటే అల్లుడు బస్సు దిగి నిలబడ్డాడు. పొట్ట దాకా గడ్డం. పిల్లను ఎత్తుకుంటే పిల్ల ఆ గడ్డాన్ని రెండు చేతులా పట్టుకుని వదలలేదు.

"ముందు కూర్చో" అన్నాడు తాతయ్య.

వీధంతా షాపు గుమ్మంలో మూగింది. మామ చేతిలో కత్తి, అల్లుడి మొహం మీద అడవి. అరగంట పట్టింది. రెండు చెంపలూ, గొంతూ, దవడా అన్నీ నున్నగా వచ్చాయి. మధ్యలో ఏ గంటా మోగలేదు. కండక్టరు కూడా చూడటానికి వచ్చి, బెల్లు కొట్టొద్దని డ్రైవరుకు చెప్పి మరీ వచ్చాడు. అల్లుడు అద్దంలో చూసుకున్నాడు.

"మామయ్యా, ఎడం చెవి కింద కాస్త మిగిలిపోయినట్టుంది."

"అవును. అది రేపటికి."

"ఇప్పుడు బస్సు రోజూ వస్తోందిగా, రేపు పొద్దున బస్సుకి పనిలోకి వెళ్లిపోవాలి మామయ్యా."

గుమ్మంలో ఉన్నవాళ్లంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అల్లుడికి ఏమీ అర్థం కాలేదు. పంపాయన ముందుకొచ్చి ఆ అబ్బాయి భుజం మీద చేయి వేశాడు.

"వెళ్దువుగానిలే బాబూ" అన్నాడు. "గడ్డం పూర్తయ్యాక."